దొడ్డు గిటార్ వంతు

బాన్సువాడలో వడ్లు రెండే రకాలు. సన్నాలు, దొడ్డువి. మిల్లు ముందు ట్రాక్టరు ఆగగానే అడిగే మొదటి మాట అదే. మా ఆర్కెస్ట్రాలో గిటార్లు కూడా ఆ లెక్కనే రెండు రకాలయ్యాయి. ఆరు తీగలున్న నాది సన్న గిటార్. నాలుగు లావు తీగలున్న బేస్ గిటారు దొడ్డు గిటార్. ఆ పేర్లు పెట్టింది దొడ్డు గిటారు వాయించే అన్నే. "అందరు సన్నబువ్వనే మెచ్చుకుంటరు తమ్మీ. కడుపుల నిలవడేది మాత్రం దొడ్డుబువ్వ" అనేవాడు. "అందుకే నీది ఎవరికీ వినపడదు" అని నేను నవ్వేవాణ్ణి. నాకు నోటి దురుసెక్కువ, ఇప్పటికీ ఉంది. అయితే ఇక్కడ రాయబోయేది నోరు చేసిన తప్పు గురించి కాదు. కాలు చేసిన దాని గురించి.

అన్నంటే తోడబుట్టినవాడు కాదు. పెద్ద కొడప్‌గల్ అవతల ఒక తండా ఆయనది. నాకంటే పదేళ్లు పెద్ద. మాది బాన్సువాడ పక్కన క్యాంపు. మా తాతలవాళ్లు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని దిగిన ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. దిగి రెండు తరాలైంది, గుడిసెలు పోయి డాబాలొచ్చాయి, అయినా మేము క్యాంపోళ్లమే. ఇంట్లో ఉంటే "ఏంట్రా", గేటు దాటితే "ఏందిరా". అన్నకూ అంతే. ఇంట్లో భార్యతో వాళ్ల భాష, బయట మాతో తెలుగు. "మనమిద్దరం రెండు నాలుకలోళ్లం తమ్మీ, ఎవ్వరు నమ్మొద్దు మనల" అని ఎగతాళి చేసేవాడు. ఆయన విషయంలో అది వట్టి ఎగతాళే.

తొంభైల చివర్లో నేను డిగ్రీ తప్పి, ఇంట్లో తిట్లు తింటూ, గిటారు పట్టుకుని ఆ ఆర్కెస్ట్రాలో చేరాను. పెళ్లిళ్లకు, వినాయక చవితి పందిళ్లకు సినిమా పాటలు వాయించే పార్టీ అది. బీర్కూర్‌లో నా మొదటి ప్రోగ్రాం. స్టేజీ ఎక్కాక పాట ఎక్కడుందో, నేనెక్కడున్నానో తెలియలేదు. అన్న వాయిస్తూనే మెల్లగా నా పక్కకొచ్చి నిలబడి, "జనాల్ని జూడకు. నా కాలు జూడు. నా కాలు ఎట్ల పడితే నీ చెయ్యి గట్ల పడాలె" అన్నాడు. చెప్పు లేని ఆయన కుడికాలు చెక్కల మీద లేస్తూ పడుతూ ఉంది. దాన్నే చూస్తూ మూడు గంటలు వాయించాను. ఆ తర్వాత కూడా చాలా రోజులు నాకు తాళమంటే అన్న కాలే.

ఆయనకు పాటలే బతుకు కాదు. సీజనులో చెరుకు కొట్టడానికి పోయేవాడు. ఒక ఏడు అట్లా కొడుతుంటే పక్కవాడి కత్తి జారి ఆయన కుడి మణికట్టు మీద పడింది. బాన్సువాడ దవాఖానలో కుట్లేశారు. గాయం మానింది గానీ నడిమి వేలికి సత్తువ రాలేదు. దొడ్డు గిటారు వాయించేవాళ్లు చూపుడు వేలు ఒకసారి, నడిమి వేలు ఒకసారి మార్చి మార్చి తీగను లాగుతారు. ఆయన చూపుడు వేలు 'ఢుం' అంటే నడిమి వేలు 'దు' అని ఊరుకునేది. ఒంటివేలితో ప్రయత్నించాడు, వేగం పాటలకు అందలేదు. ప్లాస్టిక్ బిళ్లతో మీటుదామంటే బొటనవేలితో కలిపి పట్టుకునే బలం లేదు. పార్టీ ఓనరు నాలుగు ప్రోగ్రాములు చూశాడు. ఐదోదాని తర్వాత, "నీ దొడ్డు గిటార్ కుంటుతుందే. పాట మొత్తం కుంటుతుంది. గిట్లయితే ఇగ కీబోర్డాయన ఎడమచేతితోని బేస్ కొట్టిస్త" అన్నాడు.

అన్న వ్యానులో నా పక్కన కూర్చుని, "గీ పని వోతే నేను ఒట్టి కూలోణ్ణి తమ్మీ" అన్నాడు. కూలిపని చేయడానికి ఆయనకు నామోషీ లేదు. మా తండాల పాటగాడు అని పిల్లలు వెనకపడి వస్తారే, అది పోతుందని బాధ. "పోదన్నా, నేనున్నాగా" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

దారి దొరికింది ఒక క్యాసెట్టు వల్ల. ఒకరోజు ప్రాక్టీసులో అన్న ఇంటి నుంచి తెచ్చిన టేప్‌రికార్డరు పెట్టి రికార్డు చేశాం. తిప్పి విన్నాం. వింటే దొడ్డు గిటారు కుంటడం లేదు! ప్రతి దెబ్బా సమానంగా, గింజ గింజా ఒకే సైజులో పడుతోంది. అన్న మొహం వెలిగిపోయింది. "నేను కుంటుతలేను తమ్మీ! మీకే అట్ల ఇనవడుతుంది!" అని నడిమి వేలిని ముద్దు పెట్టుకున్నాడు. ఆ ఆనందం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఎందుకంటే గదిలో అది కుంటడం నా చెవులతో నేను విన్నాను.

అది తేల్చుకుందామని బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన క్యాసెట్టు విని, కళ్లద్దాలు తుడుచుకుని, అన్న వైపు చూడకుండా నాకు చెప్పాడు. "దీని లోపట ఒక ఏర్పాటుంటది. సప్పుడు పెద్దగైతే అణుస్తది, చిన్నగైతే లేపుతది. నువ్వు అరిసినా గుసగుసలాడినా ఒక్క తీరుగనే ఎక్కుతది. వేలు మంచిగ కాలే, డబ్బ మంచిది." అన్న చెయ్యి జేబులోకి పోయింది. ఆయన మొహం చూసి రేడియో ఆయనకే జాలేసినట్టుంది, "గసుంటిదే గిటార్లకు ఏరేగ దొరుకుతదట. కాలుతోని ఒత్తేది. కంప్రెసర్ అంటరు. హైదరాబాద్‌ల అడుగుండ్రి" అన్నాడు.

కంప్రెసర్! ఆ మాటతో మా ఊళ్లో మేము పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. బస్టాండు పంచర్ షాపు ఆయన, "ఏంది, మీ పాటల గాలి వోయిందా? తీస్కరాండ్రి, కొడత" అన్నాడు. నిజామాబాద్ పోయే మా బావను కనుక్కు రమ్మంటే బోర్లలోంచి నీళ్లు లాగే కంప్రెసర్ల కాగితాలు పట్టుకొచ్చాడు. మా నాన్న ఆ కాగితాలు చూసి గయ్యిమన్నాడు. "బోరా? కాలవ నీళ్లు గట్టు దాకా వస్తుంటే నీకు బోరెందుకురా?" అని. బోరు కాదు నాన్నా, గిటారుకని చెప్పి, పెద్దదాన్ని అణుస్తుంది, చిన్నదాన్ని లేపుతుందని వివరించాను. కాసేపు ఆలోచించి, "అంటే మడి చదును చేసే దమ్ము చెక్క లాంటిదన్నమాట. మిట్ట దించుద్ది, పల్లం నింపుద్ది" అన్నాడు. నాకు అంతకంటే బాగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఇద్దరం డబ్బులు కలిపి, ఇద్దరికీ పనికొచ్చేలా ఒకటి కొనబోతున్నామనగానే ఒక ప్రశ్న కూడా వేశాడు. "ఒకటే కొంటన్నారు. మనుషులు ఇద్దరు. వంతు ఎట్లా?"

కాలువ కింద సేద్యం చేసేవాడు కాబట్టి ఆయనకు ముందు వంతే గుర్తొస్తుంది. మా దగ్గర నీళ్లకు వంతులుంటాయి. మన వంతు అయిపోగానే మన తూము మూయాలి. మూయకపోతే చివరి మళ్లకు చుక్క అందదు. ఎక్కువ దెబ్బలాటలు దానికే. "వంతు దాటి నీళ్లు పెట్టుకున్నోడు చివరి మడోడి నోట్లో మట్టి కొట్టినట్టే" అని మా నాన్న కనీసం వారానికొకసారి అనేవాడు. అన్నా నేనూ కూడా ఒక నియమం పెట్టుకున్నాం. ఏ పాటలో ఎవరిది ముఖ్యమో ముందే రాసుకోవాలి. వాళ్ల వంతు వచ్చినప్పుడు ఆ కాలితో ఒత్తే పెడల్ వాళ్ల ముందుండాలి. పెడల్ ఇంకా కొనలేదు, రంగు కూడా చూడలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇద్దరం హైదరాబాదు బస్సెక్కాం. దొడ్డు గిటారుకు పెట్టె లేదు, దుప్పట్లో చుట్టి తాళ్లు కట్టి సీట్ల మధ్య పడుకోబెట్టాం. కండక్టరు దాటలేక దాటుతూ, "గీ పీనుగకు సుత టికెట్ కొట్టాల్నా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. అన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు. దారి పొడుగునా ఆయన కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడు. ఇంట్లో కట్టిచ్చిన జొన్నరొట్టెలు, పచ్చికారం నాకే ఎక్కువ పెట్టాడు.

కోఠి వెనక సందులో వాయిద్యాల దుకాణం. దుకాణదారు మమ్మల్ని ఎగాదిగా చూసి, "గిటారుకా, బేసుకా? అది చెప్పుండ్రి ముందు" అన్నాడు.

"రెండిటికీ" అన్నాను.

"రెండిటికీ ఒక్కటంటే ఎవరో ఒకలు సర్దుకోవాలె" అని రెండు పెడళ్లు తెచ్చి గాజు బల్ల మీద పెట్టాడు. సబ్బుపెట్టెంత సైజు. ఒకటి నీలం, ఒకటి తెలుపు. రెండింటికీ మూడేసి బటన్లు. ఎంత అణచాలో ఒకటి, ఎంత తొందరగా అణచాలో ఒకటి, బయటికి ఎంత గట్టిగా రావాలో ఒకటి. తెల్లది బేసు కోసం చేసింది, గిటారుకూ నడుస్తుందన్నాడు. నీలంది గిటారు కోసం చేసింది, బేసుకు జాగ్రత్తగా తిప్పుకుంటే నడుస్తుందన్నాడు.

ముందు తెల్లదానికి అన్న తన గిటారు తగిలించాడు. నాలుగు దెబ్బలు కొట్టగానే నాకు ఒళ్లు జలదరించింది. చూపుడు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు, నడిమి వేలు, తేడానే లేదు. లావుగా, నిండుగా, గాజు బల్ల వణికేలా ఉంది. అన్న కళ్లు మూసుకున్నాడు. కాలు లేచి పడుతోంది. బేరం మాట్లాడుతున్న దుకాణదారు కూడా మాట ఆపేశాడు. నేను అదే తెల్లదానికి నా గిటారు తగిలించి చూశాను. బాగుంది, అంతే. ఉందా లేదా అన్నట్టుంది.

తర్వాత నీలంది. నా తీగ ఒకటి మీటాను. మామూలుగా ఇట్టే చచ్చిపోయే స్వరం చావలేదు. పాడేవాడు గుక్క పట్టినట్టు నిలబడి, నిలబడి, మెల్లగా కరిగింది. నేను అలాంటి చప్పుడు నా చేత్తో తీయగలనని అనుకోలేదు. మళ్లీ మీటాను. మళ్లీ. అన్న తన వంతుకు నీలందానికి తగిలించి చూశాడు. కుంటు పోయింది. దానితో పాటు బరువు కూడా పోయింది. దొడ్డు గిటారు సన్నబడింది.

మేము ఆ ఊరికి వచ్చింది ఎవరి కోసం? అన్న కోసం. కొనాల్సింది ఏది? తెల్లది. పశువుకైనా తెలిసే సంగతి. నాకూ తెలుసు. కానీ నీలందాన్ని నేను మళ్లీ చేతిలోకి తీసుకున్నాను, బల్ల మీద పెట్టలేదు. దాని మీద ధూళి తుడిచాను. అన్న నా మొహం చూశాడు, నా చేతిలో దాన్ని చూశాడు.

"సన్నదానికే గిరాకి తమ్మీ" అన్నాడు. "నీలందే తీస్కుందాం. దొడ్డుదానికి నేను బటన్లు అటు ఇటు తిప్పి ఎట్లనో సూస్కుంట."

"నిజంగా ఫర్వాలేదా అన్నా?" అని అడిగాను. పర్సు తీస్తూ అడిగాను. సిగ్గులేని జన్మ.

ఆ వారం పెడల్ ఆయన ఇంటికి తీసుకుపోయాడు. ఓనరు దగ్గర చిన్న స్పీకరు బాక్సు అడుక్కుని, కరెంటు ఉన్నప్పుడల్లా కూర్చుని తిప్పాడట. వారం తర్వాత వచ్చి గర్వంగా చూపించాడు. మూడు బటన్ల పక్కన మూడు ఎర్ర చుక్కలు, భార్య గోళ్లరంగుతో పెట్టినవి. "గీ చుక్కలకు తిప్పితే దొడ్డుది సన్నబడదు. అణిచేది పావు వంతే పెట్టాలె, తొందర తగ్గించాలె. ఇను." విన్నాను. తెల్లదంత నిండుగా లేదు గానీ, కుంటు లేదు, బరువూ చాలావరకు వచ్చింది. పావు వంతుతో సర్దుకోవడం ఎలాగో ఆయనకు తెలుసు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆయనకు అన్యాయం చేశానన్న బెంగ కూడా అక్కడితో సద్దుమణిగింది, అదే నాకు పట్టిన శని.

రుద్రూర్ వైపు ఒక క్యాంపులో పెళ్లి. మధ్యాహ్నం విందు దగ్గర మా ప్రోగ్రాం. పోయేముందు ఓనరు మా ఇద్దరినీ నిలబెట్టి, "గీ పెండ్లిల గూడ కుంటితే ఇగ సూడ, కీబోర్డాయన ఎడమచెయ్యే" అన్నాడు. కాబట్టి నాకు తెలియదని చెప్పడానికి లేదు. మొదటి పాట మెల్లనిది, నా గిటారుది, పెడల్ నా ముందు. రెండో పాట మొదలే దొడ్డు గిటారుతో. ఎనిమిది దెబ్బలు అదొక్కటే మోగాలి, తర్వాతే మిగతావాళ్లు. పెడల్ ఆయనది. మొదటి పాట కాగానే నేను కాలితో ఒత్తి ఆపేసి, రెండు వైర్లూ పీకి, పెడల్ ఆయన వైపు నెట్టాలి. వంద మాట్లు ప్రాక్టీసు చేశాం, పది లెక్కపెట్టే లోపు అయిపోయేది.

పందిట్లో అంతా మావాళ్లే. చిన్నప్పటి నుంచి నన్ను పనికిమాలినవాడన్న మామయ్యలు, పిన్నులు. ముందు వరసలో ఎవరున్నారో రాయను, ఆ అమ్మాయికి ఇప్పుడు పిల్లలు. మొదటి పాటలో నా స్వరం పందిరి చివరిదాకా పోయి నిలబడింది. చప్పట్లు. మా నాన్న వైపు బంధువు ఒకాయన లేచి, "మనోడేరా!" అని అరిచాడు. మా అమ్మ విస్తరి ముందు నుంచి తల తిప్పి చూసింది.

నా కాలు లేచింది. పెడల్ మీదికి వెళ్లింది. ఒత్తాలి. రెండో పాట మధ్యలో నాకు కూడా చిన్న ముక్క ఉంది. ఆ ముక్క కూడా ఇదే చప్పుడుతో వాయిస్తే? ఒక్క పాటే కదా, మూడోదానికి ఇచ్చేద్దాం. కాలు వెనక్కి వచ్చింది. డ్రమ్ముల ఆయన కర్రలు కొట్టి నాలుగు లెక్కపెట్టేశాడు. అన్న తన వైరు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. చివరి దెబ్బకు దాన్ని నేరుగా బాక్సుకు గుచ్చి మొదలుపెట్టాడు.

ఢుం. దు. ఢుం. దు.

ఎనిమిది దెబ్బలూ ఒంటరిగా మోగాయి. నిండు పందిట్లో కుంటుకుంటూ నడిచాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఒకాయన పప్పు గరిటె పట్టుకుని, "మైకు పోయినట్టుందే" అన్నాడు. నేను తల ఎత్తలేదు. ఎనిమిది దెబ్బలయ్యాక అందరం కలిశాం, పాట నడిచిపోయింది. మధ్యలో నా ముక్క వచ్చింది. బాగా వాయించాను. చప్పట్లు కొట్టారు.

సామాను సర్దేటప్పుడు ఓనరు అన్న దగ్గరికి వచ్చి దొడ్డు గిటారు తీసుకున్నాడు. అది పార్టీదే. వైరు మాత్రం అన్న సొంతం. దాన్ని మోచేతికి చుట్టుకుని భుజాన వేసుకున్నాడు. నేను దగ్గరికి పోయి, "చప్పట్లల్ల మర్చిపోయిన అన్నా" అన్నాను. ఆయన నా భుజం తట్టి, "మంచిగ కొట్టినవ్ తమ్మీ" అన్నాడు. బస్సుకు టైమైందని రోడ్డు వైపు నడిచాడు.

నేను మానేశానా? మానలేదు. ఇంకో రెండేళ్లు వాయించాను, కీబోర్డాయన ఎడమచేతి పక్కన, చెప్పుకోవడానికి కూడా రోత. తర్వాత డీజేలు వచ్చి ఆర్కెస్ట్రాలు మూతపడ్డాయి. నేను ఎరువుల దుకాణంలో కూర్చున్నాను. అన్న సంతకొస్తే ఆ రోడ్డు వదిలి ఇంకో రోడ్డున పోయేవాణ్ణి. ఒకసారి దూరం నుంచి చూశాను, మేకపిల్లను చంకలో పెట్టుకుని ఉన్నాడు. తప్పుకున్నాను. చప్పట్లలో మర్చిపోయానన్న మాట అప్పటికి నేనే సగం నమ్మేశాను.

ఆ పెళ్లి జరిగి ఏడెనిమిదేళ్లు గడిచాక ఒక యాసంగిలో మా చివరి మడికి నీళ్లందలేదు. పైమడి ఆయన తన వంతు అయ్యాక తూము మూయలేదు. మా నాన్న పోయి అడిగితే మర్నాడు తీరిగ్గా వచ్చి, "మర్చిపోయానండీ" అన్నాడు. ఆయన పోయాక మా నాన్న అరుగు మీద కూర్చుని అన్నాడు. "మర్చిపోయినోడు గుర్తురాగానే లగెత్తుకొస్తాడురా. వీడు పళ్లు తోముకుని, కాఫీ తాగి వచ్చాడు. వీడు మర్చిపోలా." నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. మా అమ్మ, "ఏమైందిరా?" అంటున్నా వినలేదు. నేను లగెత్తుకుపోలేదు. ఎనిమిదేళ్లు పళ్లు తోముకుంటూ కూర్చున్నాను.

మర్నాడు పెడల్ తుడిచి, కొత్త బ్యాటరీ వేసి, పెద్ద కొడప్‌గల్ బస్సెక్కాను. దిగి తండా దాకా నడిచాను. పొద్దు నడినెత్తిన ఉంది. అన్న ఇంటి ముందు మేకలకు ఆకు కట్టలు కడుతున్నాడు, ఎడమచేత్తో. కుడిచేతి వేళ్లు మూడు లోపలికి ముడుచుకుపోయాయి. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి ఆకు వదిలేసి లేచాడు.

"ఓర్నీ! తమ్మీ! ఎన్నాళ్లకు వొస్తివిరా! దా, దా." లోపలికి చూసి భార్యతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఆమె గడపలోకి వచ్చి నా మొహం చూసింది, తర్వాత నా కాళ్లకేసి చూసింది. చెప్పులతో వాకిట్లోకి వచ్చానేమోనని నేనూ చూసుకున్నాను. చెప్పులు బయటే విప్పాను.

ఛాయ్ వచ్చింది. సంచిలోంచి పెడల్ తీసి మంచం మీద పెట్టాను. "ఇది నీదే అన్నా. ఆ రోజే నీకు రావాల్సింది. చప్పట్లల్ల మర్చిపోయిన..."

"మర్సిపోయిన అంటవేంది తమ్మీ?" అన్నాడు. గొంతు పెంచలేదు. కోపం లేదు. ఎండ ఎక్కువుందని చెప్పినట్టు చెప్పాడు. "నీ కాలు లేసింది గదా. లేసి ఎన్కకు వోయింది. నేను నీ కాలునే జూస్తున్న, వైరు శేతుల వట్టుకోని. ఎప్పుడు ఒత్తుతవా అని."

అయ్యో! ఎనిమిదేళ్లు ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఒక్క భార్యకు తప్ప. ఆ రోజు నా భుజం తట్టినప్పుడే ఆయనకు తెలుసు. నేను మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అంటుంది. ఈ కాలు ఎక్కడ కడుక్కోను?

"ఏడ్వకు. ఛాయ్ సల్లారుతది" అన్నాడు. పెడల్ ఎడమచేతిలోకి తీసుకుని ఎర్ర చుక్కలను బొటనవేలితో తడిమాడు. గోళ్లరంగు ఇంకా పోలేదు. ఒక్కొక్క బటనూ చుక్కకు తిప్పాడు, మూడూ. తర్వాత తల ఎత్తి వాకిట్లోకి చూపించాడు. "దొడ్డుది లేదు గని వైరు ఉన్నది తమ్మీ. గదో."

వాకిట్లో రెండు గుంజల మధ్య బట్టలారేసే తీగ. నల్లది. ఈ కొసన గుంజకు ముడి వేయగా మిగిలిన ముక్క నేల దాకా వేలాడుతోంది, దాని చివర ఇత్తడి పిన్ను చిలుము పట్టకుండా ఉంది. నేను లేచి పోయి దాన్ని పట్టుకున్నాను. అన్న పెడల్ తెచ్చి గుంజ పక్కన నేల మీద పెట్టాడు. కూర్చుని పిన్ను గుచ్చాను. టక్కుమంది. సరిగ్గా పట్టింది.

"ఇగ ఇప్పుడన్నా ఒత్తు" అన్నాడు. నవ్వుదామనే అన్నాడు, నవ్వు రాలేదు.

లేచి నిలబడి కాలితో ఒత్తాను. పెడల్ మీద ఎర్ర లైటు వెలిగింది. వైరు మీద ఆయన లుంగీ, ఆమె రవికె ఆరుతున్నాయి.